పురస్కారం ముట్టేది ఎవరికి? ప్రజాప్రయోజన వార్తలూ బెజవాడ పత్రికలూ

2021 జులైలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వైఎస్సార్ పేరిట జీవిత సాఫల్య పురస్కారాలు ప్రకటించింది. ఒక్కొక్కరికి 10 లక్షల రూపాయల నగదు, జ్ఞాపిక. జర్నలిజం విభాగంలో ఏబీకే ప్రసాద్ పేరుతోపాటు పాలగుమ్మి సాయినాథ్ పేరూ ఉంది. సాయినాథ్ మర్యాదగానే వద్దన్నారు. తాను రిపోర్టు చేసే, విమర్శించే ప్రభుత్వం నుంచి జర్నలిస్టు బహుమతి పుచ్చుకోకూడదనీ, జర్నలిస్టు ప్రభుత్వానికి జీతం లేని బయటి ఆడిటరు వంటివాడనీ ఆయన చెప్పిన కారణం. ఆ ఏడాది నవంబరు 1న విజయవాడలో పురస్కార సభ జరిగింది. శాలువాలు కప్పారు, ఫొటోలు తీశారు, మర్నాడు పేపర్లలో వచ్చింది. తిరస్కరణ అప్పటికే పాత వార్త.

ఈ సంఘటనను సాయినాథ్ వ్యక్తిగత నిష్ఠకు ఉదాహరణగా చెప్పుకుని ఊరుకోవచ్చు. అంతకంటే పనికొచ్చే ప్రశ్న ఒకటి అందులో ఉంది. ప్రజలకు మేలు చేసిన వార్తను గౌరవించాలంటే ఆ మేలు జరిగిందని ఎలా తెలుస్తుంది? జరిగితే అది వార్త వల్లే జరిగిందనడానికి రుజువేమిటి? ఆ వార్త ఎవరిది? బైలైన్ ఉన్న రిపోర్టరుదా, మండలం నుంచి సమాచారం పంపిన కంట్రిబ్యూటరుదా, అచ్చువేసిన యజమానిదా, వీధిలోకి వచ్చిన జనానిదా? ఈ వ్యాసం ఈ ప్రశ్నలను విజయవాడ చుట్టూ, తెలుగు పత్రికల చరిత్రలో రికార్డుకు ఎక్కిన కొన్ని ఉదాహరణల మీద పెట్టి చూస్తుంది. కొన్ని చోట్ల జవాబు గట్టిగానే దొరుకుతుంది. కొన్ని చోట్ల సగమే దొరుకుతుంది, అక్కడ ఆగాలి.

విజయవాడను ఎంచుకోవడానికి కారణం ఉంది. ఏలూరు రోడ్డు, బీసెంటు రోడ్డు, లెనిన్ సెంటరుల నడుమ ఉన్న గవర్నర్‌పేట చాలాకాలంగా పుస్తకాల వాళ్లకూ పత్రికల వాళ్లకూ ఆటపట్టు. పాత పుస్తకాల బడ్డీలు, ప్రచురణ సంస్థల దుకాణాలు, ప్రెస్సులు అక్కడా ఆ చుట్టుపక్కలా పెరిగాయి. 1952లో ఇక్కడి నుంచి విశాలాంధ్ర మొదలైంది. మద్రాసులో 1938లో పుట్టిన ఆంధ్రప్రభ తర్వాత బెజవాడకు తరలివచ్చింది. 1960 జులై 1న నార్ల వెంకటేశ్వరరావు సంపాదకత్వంలో ఆంధ్రజ్యోతి వెలువడింది. 1978లో ఈనాడు విజయవాడ ఎడిషన్ పెట్టింది. 1981లో ప్రజాశక్తి దినపత్రికగా మళ్లీ వచ్చింది. రైలు జంక్షన్ కావడం వల్ల రాత్రి అచ్చయిన కట్టలు తెల్లారేలోగా అటు ఉత్తరాంధ్ర దారిలో, ఇటు నెల్లూరు దారిలో పోయేవి. తెలుగు పత్రిక ఏం చేయగలదో, ఏం చేయలేదో రెండూ చూపించిన ఊరిది.

ఈ ఊళ్లో పత్రికా రచయితకు తొలినాళ్లలో దక్కిన గుర్తింపు జైలు. 1908లో గాడిచర్ల హరిసర్వోత్తమరావు బెజవాడ నుంచి 'స్వరాజ్య' వారపత్రిక నడిపారు. తిరునల్వేలి కాల్పుల నేపథ్యంలో రాసిన వ్యాసానికి రాజద్రోహం కేసు పెట్టి, మూడేళ్ల శిక్ష వేసి వేలూరు జైలుకు పంపారు. 1985 అక్టోబరులో ఇదే నగరంలో 'ఎన్‌కౌంటర్' పత్రిక సంపాదకుడు పింగళి దశరథరామ్‌ను హత్య చేశారు. ఆ పత్రిక రాతల మీద ఎవరి అభిప్రాయం ఎలా ఉన్నా, రాసినందుకు మనిషిని చంపే స్థితి ఇక్కడ ఉండేదన్నది కాదనలేని విషయం. పురస్కారాల చర్చలో ఈ రెండు పేర్లూ సాధారణంగా రావు. శిక్షకూ చావుకూ ఎంట్రీ ఫారం ఉండదు.

ప్రజాసేవ పేరుతో పత్రికలకిచ్చే పురస్కారాల్లో ప్రపంచంలో ఎక్కువ మందికి తెలిసింది పులిట్జర్. జోసెఫ్ పులిట్జర్ వీలునామా ప్రకారం కొలంబియా విశ్వవిద్యాలయం 1917 నుంచి ఇస్తోంది. అందులో ప్రజాసేవ విభాగానికి ఒక ప్రత్యేకత ఉంది. మిగతా విభాగాల్లో నగదు ఉంటుంది, దీనికి బంగారు పతకం మాత్రమే. అది వ్యక్తికి ఇవ్వరు, పత్రికకు ఇస్తారు. 1973లో వాటర్‌గేట్ వార్తలకు పతకం అందుకున్నది వాషింగ్టన్ పోస్ట్. 2003లో చర్చి పెద్దల అకృత్యాల కథనాలకు బోస్టన్ గ్లోబ్ అందుకుంది. 1918లో మొట్టమొదటి ప్రజాసేవ పతకం న్యూయార్క్ టైమ్స్‌కు దక్కింది. మొదటి ప్రపంచ యుద్ధానికి సంబంధించిన అధికారిక నివేదికలు, పత్రాలు, ప్రసంగాలు పూర్తి పాఠంగా ప్రచురించినందుకు ఇచ్చారు. గుట్టు రట్టు చేయడమే ప్రజాసేవ అని అప్పట్లో అనుకోలేదన్నమాట. ఉన్నదాన్ని ఉన్నట్టుగా, మొత్తంగా జనం ముందు పెట్టడం కూడా లెక్కలోకి వచ్చింది.

ఆ వ్యవస్థ కూడా బోల్తా పడింది. 1981లో వాషింగ్టన్ పోస్ట్ రిపోర్టరు జానెట్ కుక్ ఎనిమిదేళ్ల మాదకద్రవ్య బానిస గురించి రాసిన కథనానికి ఫీచర్ విభాగంలో పులిట్జర్ వచ్చింది. ఆ పిల్లవాడు లేనేలేడని తేలి, బహుమతి వెనక్కిచ్చేశారు. జ్యూరీ చదివేది అచ్చయిన కాగితాన్ని. రిపోర్టరు నోటుబుక్కు జ్యూరీ దగ్గరికి రాదు. పేరున్న సంస్థకే ఇలా జరిగినప్పుడు, ఎంట్రీతోపాటు కటింగులు తప్ప మరేమీ అడగని చిన్న పురస్కారాల సంగతి వేరే చెప్పాలా?

మన దేశంలో రామ్‌నాథ్ గోయెంకా పేరిట 2005లో నెలకొల్పిన పురస్కారాలకు ఇవాళ ఎక్కువ పేరుంది. ఆయన శతజయంతి సందర్భంగా వాటిని మొదలుపెట్టారు. పరిశోధనాత్మక వార్తలకు, పర్యావరణానికి, ఎవరి కంటా పడని భారతాన్ని చూపించే రిపోర్టింగుకు విడివిడిగా విభాగాలున్నాయి. ప్రాంతీయ భాషలకూ చోటుంది. ఆంధ్రప్రభను స్థాపించిన గోయెంకా పేరు కాబట్టి బెజవాడకు ఈ పురస్కారంతో దూరపు చుట్టరికం ఉన్నట్టే. అయితే చుట్టరికంలో ఒక చేదు కూడా ఉంది. ఆంధ్రప్రభకు పదిహేనేళ్లకు పైగా సంపాదకుడిగా ఉండి తెలుగు సంపాదకీయానికి ఒక ఒరవడి పెట్టిన నార్ల, యాజమాన్యంతో పొసగక 1959లో బయటికొచ్చారు. ఎమర్జెన్సీలో ప్రభుత్వాన్ని ఎదిరించిన యజమాని కూడా తన సంస్థలో యజమానే. సంపాదకుడి స్వేచ్ఛకూ యజమాని ధైర్యానికీ తేడా ఉందని పురస్కారాల మీది పేర్లను చూస్తే తెలియదు.

ఇక అసలు రుజువుల దగ్గరికి వద్దాం. తెలుగు పత్రిక ప్రజాప్రయోజనం కోసం చేసిన పని అనగానే ఎక్కువ మంది చెప్పే ఉదాహరణ సారా వ్యతిరేకోద్యమం. ఈనాడు 1992 ద్వితీయార్ధంలో 'సారాపై సమరం' పేరుతో రోజూ ప్రత్యేకంగా పేజీ కేటాయించింది. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అదే ఏడాది అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారాను నిషేధించారు. పేజీ పెట్టిన ఏడాదికి నిషేధం వచ్చింది కాబట్టి పత్రికే సాధించిందనే మాట తేలిగ్గా స్థిరపడింది. కాలక్రమాన్ని ఇంకొంచెం వెనక్కి జరిపితే కథ ఇంత సాఫీగా ఉండదు.

1991 జనవరిలో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం మొదలైంది. చదువు నేర్చుకున్న వాళ్ల కోసం తయారైన వాచకంలో 'సీతమ్మ కథ' అనే పాఠం ఉంది. సారా వల్ల కూలిన కుటుంబం, దుకాణం మూయించిన ఆడవాళ్లు దాని ఇతివృత్తం. దూబగుంటలో ఆ పాఠం చదివిన ఆడవాళ్లు రోసమ్మ వంటివారి చొరవతో తమ ఊరి సారా అమ్మకాన్ని నిజంగానే ఆపించారు. ఆ గెలుపు 'ఆడవాళ్లు ఏకమైతే' పేరుతో తర్వాతి వాచకంలో మరో పాఠమై మిగతా ఊళ్లకు చేరింది. 1992లో సారా పాటలను అడ్డుకోవడం ఉద్యమ రూపం తీసుకుంది. కలెక్టరు కార్యాలయం దగ్గర వేలాలు జరగనివ్వలేదు, పదేపదే వాయిదా వేయాల్సి వచ్చింది. మహిళా సంఘాలు, వామపక్షాలు, స్వచ్ఛంద సంస్థలు వచ్చి చేరాయి. పత్రిక పూర్తి స్థాయిలో రంగంలోకి దిగేనాటికి పొయ్యి అంటుకుని ఉంది.

అలాగని పత్రిక పాత్రను కొట్టిపారేయడం కూడా తప్పే. నెల్లూరులో జరిగింది చిత్తూరుకూ కరీంనగర్‌కూ ఎలా తెలిసింది? అక్షరాస్యత వాచకం ఒక జిల్లా సంగతి. ఒక మండలంలో దుకాణం మూయించిన వార్త మర్నాటి పొద్దుటికి పక్క జిల్లా ఆడవాళ్ల చేతికి రావడం పత్రిక వల్ల జరిగింది. అదెలా వీలైందో కూడా చూడాలి. 1985లో మండలాలు ఏర్పడ్డాయి. 1989లో ఈనాడు జిల్లా అనుబంధాలు మొదలుపెట్టింది. వాటిని నింపడానికి ఊరూరా కంట్రిబ్యూటర్లు కావలసి వచ్చారు. ప్రకటనల వ్యాపారం కోసమూ పాఠకుల కోసమూ వేసిన ఆ వల, మూడేళ్ల తర్వాత ఒక ఉద్యమాన్ని మోసింది. ఆస్ట్రేలియా పరిశోధకుడు రాబిన్ జెఫ్రీ భారతీయ భాషా పత్రికల మీద 2000లో ప్రచురించిన పుస్తకంలో ఈనాడు జిల్లా విస్తరణను ప్రత్యేకంగా చర్చించింది ఊరికే కాదు.

కాబట్టి ఇక్కడ జాగ్రత్తగా చెప్పగలిగింది ఇంత. పత్రిక ఉద్యమాన్ని పుట్టించలేదు. విస్తరించింది, ప్రభుత్వానికి వినపడేలా చేసింది. అది లేకపోతే నిషేధం వచ్చేదా, ఎప్పుడు వచ్చేది అన్న ప్రశ్నకు చరిత్ర రెండో ప్రయోగం చేసి చూపించదు. ప్రభుత్వం లొంగడం చిన్న విషయం కాదని మాత్రం లెక్కలు చెబుతాయి. రాష్ట్ర ఎక్సైజు ఆదాయం 1970-71లో 39 కోట్ల రూపాయలు, 1991-92 నాటికి 812 కోట్లు. ఇంత ఆదాయం మీద దెబ్బ పడుతుందని తెలిసీ సారా ఆపారంటే ఒత్తిడి ఏ స్థాయిలో ఉందో ఊహించవచ్చు.

రాజకీయాన్ని వదిలేసి ఈ లెక్క పూర్తి చేయలేం. 1982-83లో తెలుగుదేశానికి ఈనాడు అండగా నిలిచిందన్నది బహిరంగ చరిత్ర. సారా ఉద్యమం నాటికి అధికారంలో ఉన్నది కాంగ్రెస్. 1994 ఎన్నికల్లో ఎన్టీఆర్ సంపూర్ణ మద్యనిషేధం హామీతో గెలిచి 1995 జనవరిలో అమలు చేశారు. ఎనభైల్లో 'వారుణి వాహిని' పేరుతో సారాను ప్యాకెట్లలో ఊరూరికీ చేర్చిందీ ఆయన ప్రభుత్వమే. 1997లో చంద్రబాబు ప్రభుత్వం నిషేధాన్ని ఎత్తేసింది. వీటిలో ఏదీ ఆ పేజీల్లోని వార్తలు అబద్ధమని చెప్పదు. ఆడవాళ్లు పడిన కష్టం నిజం, మూసిన దుకాణాలు నిజం. కానీ ప్రజాప్రయోజనమూ యాజమాన్య ప్రయోజనమూ ఒకే దారిన నడిచిన సందర్భంలో పత్రిక చూపిన ధైర్యాన్ని ఎంతకు లెక్కకట్టాలి? అవి ఎదురెదురుగా వచ్చిన సందర్భంలో అదే పత్రిక ఏం చేస్తుందన్నదే నా దృష్టిలో అసలు పరీక్ష.

అలాంటి పరీక్ష 2009లో వచ్చింది. ఆ ఏడాది సార్వత్రిక ఎన్నికల్లో అభ్యర్థుల నుంచి డబ్బు తీసుకుని ప్రకటనను వార్తగా అచ్చువేయడం దేశమంతా బాహాటంగా సాగింది. దానికి 'పెయిడ్ న్యూస్' అని పేరొచ్చింది. సాయినాథ్ ది హిందూలో మహారాష్ట్ర వ్యవహారాన్ని బయటపెట్టడం ఎక్కువ మందికి గుర్తుంది. మన దగ్గర జరిగిన పని అంతగా గుర్తులేదు. ఆంధ్రప్రదేశ్ వర్కింగ్ జర్నలిస్టుల యూనియన్ పశ్చిమగోదావరి జిల్లాలో నమూనా సర్వే చేసింది. ఏ పత్రిక ఎవరి దగ్గర ఏ మేరకు తీసుకుని ఎంత చోటు ఇచ్చిందో జిల్లా స్థాయిలో ఆరా తీసి, దాని ఆధారంగా రాష్ట్రం మొత్తం మీద ఈ పద్ధతిలో పత్రికలకు 350 నుంచి 400 కోట్ల రూపాయలు ముట్టి ఉంటాయని అంచనా కట్టింది.

ఈ అంకెను ఎంతవరకు నమ్మాలి? ఒక్క జిల్లాలో చూసిన దాన్ని రాష్ట్రమంతటికీ వర్తింపజేసిన అంచనా ఇది. పశ్చిమగోదావరి డెల్టా జిల్లా, డబ్బున్న జిల్లా, ఎన్నికల ఖర్చుకు పేరుమోసిన జిల్లా. శ్రీకాకుళం లెక్క అలాగే ఉంటుందని చెప్పలేం. ఇచ్చినవాడికీ పుచ్చుకున్నవాడికీ మధ్య రసీదు ఉండదు. అందువల్ల ఈ అంకెను కచ్చితమైన మొత్తంగా కాక, వ్యవహారం ఎంత పెద్దదో చెప్పే సూచనగా తీసుకోవడం మంచిది. ఆ సర్వే విలువ మాత్రం అంకెలో లేదు. తమ జీతాలిచ్చే యాజమాన్యాల మీద, తమ సభ్యుల్లోనే కొందరు పాలుపంచుకున్న వ్యవహారం మీద జర్నలిస్టులే విచారణ చేసుకోవడం అందులో విశేషం. ఆ వార్తకు మొదటి పేజీలో చోటివ్వడానికి ఏ యాజమాన్యానికీ ఉత్సాహం ఉండదు.

తర్వాత కథ ప్రెస్ కౌన్సిల్‌కు చేరింది. కౌన్సిల్ వేసిన ఉపసంఘంలో ఇద్దరు సభ్యులు. ఒకరు పరంజయ్ గుహా ఠాకుర్తా. మరొకరు విశాలాంధ్ర సంపాదకుడిగా పనిచేసిన, యూనియన్ నాయకుడు కె.శ్రీనివాసరెడ్డి. 2010లో వాళ్లిచ్చిన నివేదిక 71 పేజీలు. పశ్చిమగోదావరి సర్వే అందులో ఉంది, పత్రికల పేర్లున్నాయి, వాళ్ల వివరణలూ ఉన్నాయి. పోటీ పత్రికల్లో ఒకే రాత వేర్వేరు పేర్లతో అచ్చయిన ఉదంతాలూ ఉన్నాయి. కౌన్సిల్ ఆ నివేదికను యథాతథంగా ఆమోదించలేదు. 2010 జులై 30న క్లుప్తంగా మరో నివేదిక ఖరారు చేసింది. పూర్తి పాఠాన్ని అధికారికంగా బయటపెట్టడానికి 2011లో కేంద్ర సమాచార కమిషన్ ఆదేశించాల్సి వచ్చింది. ఉన్న పత్రాన్ని మొత్తంగా ప్రచురించినందుకు 1918లో ఒక పత్రికకు బంగారు పతకం ఇచ్చారన్న సంగతి ఇక్కడ పక్కన పెట్టి చూడండి. మన దగ్గర పత్రికా నీతిని కాపాడాల్సిన సంస్థే 71 పేజీలు దాచుకుంది.

ఈ సర్వేకు ఏ పురస్కార విభాగంలో చోటు దొరుకుతుంది? రచయిత ఒకరు కారు. అచ్చయిన పత్రిక లేదు. ఫలితం కూడా నత్తనడకే. ఎన్నికల సంఘం తర్వాత జిల్లాల్లో పరిశీలన కమిటీలు వేసింది, 2009 నాటి తప్పుకు శిక్ష మాత్రం దాదాపు ఎవరికీ పడలేదు. కటింగు, బైలైన్, ఫలితం అని మూడు గడులున్న ఎంట్రీ ఫారంలో ఇలాంటి పని మూడు గడుల్లోనూ ఖాళీగా మిగులుతుంది. నేనైతే తెలుగు నేల మీద ఈ పాతికేళ్లలో జరిగిన ప్రజాప్రయోజన విచారణల్లో దీన్ని ముందు వరుసలో పెడతాను. అది నా తూకం, ఇంకొకరు ఒప్పుకోకపోవచ్చు.

పురస్కారాల్లో మన అలవాటు వేరు. తెలుగులో పత్రికా పురస్కారాలు ఎక్కువగా గతించిన సంపాదకుల పేరుమీద నెలకొంటాయి, బతికున్న సంపాదకులకు అందుతాయి. జీవితకాల కృషికి శాలువా కప్పడం మనకు చేతనైనంతగా, ఫలానా తేదీన వచ్చిన ఫలానా కథనానికి బహుమతి ఇవ్వడం చేతకాలేదు. అకాడమీలకు పేరు పెట్టడంలోనూ ఇదే తీరు. 1996లో ఏర్పడిన ప్రెస్ అకాడమీకి ఆంధ్రప్రదేశ్‌లో చక్రవర్తుల రాఘవాచారి పేరు పెట్టారు. మూడు దశాబ్దాలకు పైగా విశాలాంధ్ర సంపాదకుడిగా విజయవాడలో పనిచేసిన ఆయన ఆ గౌరవానికి తగినవారే, అందులో రెండో మాట లేదు. ఆయన కన్నుమూసింది 2019 అక్టోబరు 28న. రెండు రోజులకు, అక్టోబరు 30న, అదే ప్రభుత్వం జీవో 2430 ఇచ్చింది. నిరాధార వార్తలు రాసే మీడియా మీద కేసులు పెట్టే అధికారాన్ని శాఖల కార్యదర్శులకు అప్పగించిన ఉత్తర్వు అది. జర్నలిస్టు సంఘాలు వీధికెక్కాయి. ప్రెస్ కౌన్సిల్ దాన్ని తనంత తానుగా విచారణకు తీసుకుంది. 2007లో వైఎస్ ప్రభుత్వం ఇలాంటిదే మరో జీవో తెచ్చి, వ్యతిరేకత చూసి పక్కన పెట్టింది. సాయినాథ్ తిరస్కరణను ఈ జీవోతో కలిపి చదివితే ఆడిటరు అన్న మాటకు అర్థం బోధపడుతుంది. ఒక చేత్తో శాలువా, ఇంకో చేత్తో నోటీసు పట్టుకున్న సంస్థ దగ్గర ఏది పుచ్చుకున్నా రెండోది వెంట వస్తుంది.

ఆయన అన్ని పురస్కారాలనూ కాదనలేదు. 2007లో రామన్ మెగసెసె పురస్కారం తీసుకున్నారు. గ్రామీణ పేదలను దేశం ఆలోచనల్లోకి మళ్లీ తెచ్చినందుకు అది ఇచ్చారు. మనీలాలోని ఆ ఫౌండేషన్ ఆయన రిపోర్టింగు పరిధిలో లేదు. ఇచ్చేవారికీ రాసేవారికీ ఆ దూరం ఉంటే చాలన్నది ఆయన ఆచరణ నుంచి తేలే సూత్రం. అయినా మొదటి ప్రశ్న ఆయన విషయంలోనూ వదలదు. అనంతపురం రైతుల ఆత్మహత్యల మీద ఆయన ఏళ్లతరబడి రాశారు. 2004లో ప్రభుత్వం మారాక జయతీ ఘోష్ అధ్యక్షతన రైతు సంక్షేమ కమిషన్ ఏర్పడింది, ఆ ఏడాది చివర నివేదిక ఇచ్చింది. కమిషన్‌కు కారణం ఆయన వార్తలా, వరుస కరువులా, ఎన్నికల తీర్పా, రైతు సంఘాల పోరాటమా? తెలుగు పత్రికల జిల్లా పేజీల్లో రోజూ రెండు అంగుళాల వార్తగా వచ్చిన మరణాల సంగతేమిటి? వాటిని పంపిన వాళ్ల పేరు ఎక్కడా ఉండదు. ఇంగ్లీషు పత్రికలో వచ్చిన దానికి ఢిల్లీ స్పందిస్తుంది, తెలుగు జిల్లా పేజీలో వచ్చిన దానికి తహసీల్దారు స్పందిస్తాడు. ప్రభావాన్ని ఢిల్లీ చప్పుడుతో కొలిస్తే తహసీల్దారు చేసిన పని కనపడదు.

విజయవాడలోనే 2015 డిసెంబరులో బయటపడిన కాల్‌మనీ వ్యవహారం ఇంకో రకం ఉదాహరణ. ఫోన్ చేస్తే ఇంటికి అప్పు తెచ్చిచ్చి, నోట్లూ ఖాళీ చెక్కులూ రాయించుకుని, వడ్డీ కోసం ఆడవాళ్లను లైంగికంగా వేధించిన ముఠాల కథ అది. నెలల తరబడి పేపర్లు నిండిపోయాయి, శాసనసభ దద్దరిల్లింది. కానీ మొదటి అడుగు బాధితురాలిది. ఆమె పోలీసు కమిషనరుకు ఫిర్యాదు చేశాకే సంగతి వెలుగులోకి వచ్చింది. నగరం నడిబొడ్డున నడుస్తున్న వ్యాపారం గురించి ఇన్ని పత్రికలున్న ఊళ్లో ముందుగా రాయకపోవడం కూడా సాక్ష్యమే. వచ్చిన వార్తకు పురస్కారం ఇవ్వవచ్చు. రాని వార్తను లెక్కించే పద్ధతి పురస్కారాలకు లేదు.

కంట్రిబ్యూటరు గురించి కొంచెం ఆగి చెప్పాలి. వచ్చిన వార్తను కొలిచి, దాన్నిబట్టి నెలాఖరుకు ఇచ్చే లైన్ అకౌంట్ అతని రాబడి. ఎక్కువమందికి అది పెట్రోలు ఖర్చుకు కూడా చాలదు. చాలాచోట్ల ప్రకటనలు తెచ్చే పనీ అతనిదే. పండక్కి శుభాకాంక్షల ప్రకటన అడగడానికి వెళ్లిన ఇంటి యజమాని మీదే ఇసుక దందా వార్త రాయాల్సి వస్తే అతని చేయి ఆడుతుందా? పెయిడ్ న్యూస్ మొలిచిన నేల అదే. ప్రజాప్రయోజన వార్తను ప్రోత్సహించాలనుకునే వాళ్లు ఏడాదికొక బహుమతి పెట్టేకంటే, ఒక జిల్లాలో ప్రకటనల బాధ్యతను వార్తల మనిషి నుంచి తప్పిస్తే ఎక్కువ ఫలితం ఉండవచ్చు. ఇది ఊహే, కానీ పరీక్షించదగిన ఊహ. ప్రకటనలు తెచ్చే మండలాలకూ తేని మండలాలకూ మధ్య స్థానిక నాయకుల మీద వచ్చిన విమర్శనాత్మక వార్తలను పోల్చిచూస్తే తెలుస్తుంది. పత్రికల జిల్లా అనుబంధాల పాత ఫైళ్లు చాలు దానికి.

జ్యూరీలకు కాలం కూడా ఇరుకే. క్యాలెండరు ఏడాదిలో వచ్చిన కథనం, ఆ ఏడాదిలో లేదా ఆ వెంటనే దాని ఫలితం. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య ఉన్న కొల్లేరు సరస్సును తీసుకుంటే ఈ కొలత ఎక్కడ విరుగుతుందో తెలుస్తుంది. 1999లో జీవో 120 ద్వారా 308 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది. అక్రమ చేపల చెరువుల గురించి డెల్టా పత్రికలు రాస్తూనే వచ్చాయి. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో ఐదో కాంటూరు లోపలి చెరువు గట్లను పేల్చేశారు. ఆ ఏడాది జ్యూరీ కూర్చుంటే ఫలితం గడిలో రాయడానికి ఇంతకంటే ఏం కావాలి? గట్లు పేలుతున్న ఫొటో కూడా ఉంది. తర్వాత చెరువులు ఒక్కొక్కటిగా మళ్లీ వెలిశాయి. ఆక్రమణల కేసు సుప్రీంకోర్టు దాకా నడిచింది. గట్లు తెగ్గొట్టడం వల్ల బతుకుతెరువు పోయిన చిన్న మత్స్యకారుల నష్టపరిహారం సంగతి వేరే వార్త, దానికి అంత చోటు దొరకలేదు. 2006లో ఇచ్చే పురస్కారానికీ, అదే కథనాలను పదేళ్ల తర్వాత చదివి ఇచ్చే పురస్కారానికీ గ్రహీతలు ఒకరే కాకపోవచ్చు. రెండోసారి చదివినప్పుడు జ్యూరీ ముందుకు రావాల్సింది గట్లు పేలిన రోజు రాసిన వాళ్లకంటే, గట్లు తిరిగి లేస్తున్నప్పుడు కైకలూరు వైపు నుంచి సర్వే నంబర్లతో సహా రాసిన వాళ్లు.